కేస్ షీట్‌కు ఎక్కని జబ్బు

ఏ ఆసుపత్రిలోనైనా మగవాళ్ల మెడికల్ వార్డుకు వెళ్లి ఒక కేస్ షీట్ తీసి చూడండి. మొదటి పేజీలో హౌస్ సర్జన్ రాసిన హిస్టరీ ఉంటుంది. బీపీ ఉంది, షుగర్ ఉంది, 'స్మోకర్, ఇరవై ఏళ్లుగా' అని ఉంటుంది. పేజీ తిప్పితే ట్రీట్‌మెంట్ షీట్. బీపీకి మాత్ర, షుగర్‌కి ఇన్సులిన్, రక్తం పలచబడటానికి ఇంజెక్షన్, ఇన్ని మందులకు కడుపులో మంట పుట్టకుండా ఇంకో మాత్ర. ఆ ఇరవై ఏళ్ల సిగరెట్‌కి మాత్రం ఒక్క లైను కూడా ఉండదు. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు "ఇక మానెయ్యాలయ్యా, తాగితే పోతావ్" అంటారు. పేషెంటు తలూపుతాడు. పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతాం. ఆ జబ్బుకి వైద్యం అక్కడితో సరి.

నేను స్టాఫ్ నర్సుని. ఉత్తరాంధ్రలో మెడికల్ వార్డు, గుండె ఐసీయూ, సర్జికల్ వార్డు అన్నీ తిరిగాను. ఇక్కడ రాసేది డాక్టర్లకు తెలియని సంగతేమీ కాదు. అందరికీ తెలిసీ ఎవరూ ఆర్డరు రాయని సంగతి. ఆసుపత్రిలో చేరిన మనిషికి పొగ ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే బాధకి మందు ఉంది: పొగాకులోని నికోటిన్‌నే చర్మానికి అతికించే ప్యాచ్‌గానో, నమిలే గమ్‌గానో ఇవ్వడం. నొప్పికి ఇచ్చినట్టే చేరిన పూటే ఇవ్వాలి, ఇంటికి పంపాక కూడా కొన్నాళ్లు వెంట ఉండాలి. తిట్టడం దీనికి వైద్యం కాదు.

మందు తాగేవాళ్ల విషయంలో మేం ఎంత జాగ్రత్తగా ఉంటామో చూడండి. రోజూ తాగే మనిషి ఏ జబ్బుతో చేరినా "ఆఖరిసారి ఎప్పుడు తాగాడమ్మా?" అని ఇంటివాళ్లను అడుగుతాం. రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, లేని మనుషులు కనిపిస్తారు, మంచం దిగి పరుగు తీస్తాడు. అది తెలుసు కాబట్టి లోరాజెపామ్, థయమిన్ ముందే రాసిపెడతారు. 'తాగుడు మానకపోతే వాడి ఖర్మ' అని ఎవరూ ఊరుకోరు. సిగరెట్ మానితే ఫిట్స్ రావు, ప్రాణం మీదికి రాదు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోం. ప్రాణం పోదు గానీ, చేస్తున్న వైద్యం చెడుతుంది.

నికోటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. సుమారు రెండు గంటలకు సగం తగ్గిపోతుంది. సాయంత్రం క్యాజువాలిటీలో చేరినవాడికి అర్ధరాత్రి కాకముందే నోరు పీకడం మొదలవుతుంది. రెండో రోజుకో మూడో రోజుకో అది బాగా ముదిరి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా తగ్గుతుంది. వార్డులో అది వేరే వేషాల్లో కనిపిస్తుంది. "సిస్టర్, నిద్ర పట్టట్లేదు." "ఈ అన్నం మనుషులు తినేదేనా?" "నన్ను ఎప్పుడు పంపిస్తారు?" పక్క మంచం వాళ్ల పిల్లాడు ఏడిస్తే గొడవ. సెలైన్ ఎక్కడం ఆలస్యమైతే గొడవ. పదింటికి చక్కగా మాట్లాడిన మనిషి రెండింటికి చేతికున్న క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కే సూది, పీకేసుకుంటాడు. డ్యూటీ డాక్టరు వచ్చి నిద్రమాత్ర రాస్తారు. రిపోర్టు బుక్కులో మేం 'పేషెంట్ కోఆపరేట్ చేయడం లేదు' అని రాస్తాం. మర్నాడు కొందరు లామా సంతకం పెట్టి వెళ్లిపోతారు, అంటే డాక్టరు వద్దన్నా తన ఇష్టంతో పోతున్నానని. ఆ కాగితంలో కారణం దగ్గర 'సొంత పనులు' అని ఉంటుంది.

ఇంకోటి, వినడానికి నవ్వొస్తుంది గానీ వార్డులో రోజూ వినేదే. "మోషన్ అవ్వట్లేదు సిస్టర్." పొద్దున్నే సిగరెట్ వెలిగిస్తే గానీ దొడ్డికి రానివాళ్లు మనలో ఎంతమంది లేరు! నికోటిన్ పేగులను కదిలిస్తుంది. అది ఆగితే మలబద్ధకం వస్తుంది. మేం విరేచనం మందు పోస్తాం. నిద్రకి ఒకటి, మోషన్‌కి ఒకటి, చిరాకుకి ఒకటి. వీటన్నిటికీ మూలమైన దానికి మాత్రం ఏమీ ఇవ్వం.

చట్టం కూడా ఇందులో భాగమే. ఆసుపత్రితో సహా బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న నిబంధనలు 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతా అమల్లో ఉన్నాయి. 200 రూపాయల దాకా జరిమానా. మంచి చట్టమే, నేనూ దాని పక్షమే. కానీ గేటు దాటి లోపలికి రాగానే ఒక మనిషి పొగను బలవంతంగా ఆపిస్తున్నామంటే, దానివల్ల వచ్చే బాధ చూసే బాధ్యత కూడా ఆ గేటుదే కదా. గోడకి 'పొగ త్రాగరాదు' బోర్డు కొట్టి ఊరుకుంటే వాళ్లు మెట్ల కిందకి వెళ్తారు, బాత్రూంలోకి వెళ్తారు, క్యాంటీన్ వెనక్కి వెళ్తారు. స్టెంటు వేసి రెండు రోజులు కాని మనిషి, చేతికి క్యాన్యులాతో, మానిటర్ వైర్లు విప్పేసుకుని, లిఫ్టు ఆగిపోయే వేళ మూడంతస్తులు దిగి వెళ్లి బీడీ వెలిగించడం నేను చూశాను. తిరిగొచ్చేసరికి ఆయాసం, చెమటలు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తను కూర్చుంటుంది. ఆ గుండెకి ఆ గంటలో దొరకాల్సింది ఆక్సిజనే. ఇక ఆక్సిజన్ పెట్టిన మంచం పక్కన దుప్పట్లో అగ్గిపుల్ల గీసేవాళ్ల సంగతి తలుచుకుంటే నైట్ డ్యూటీలో కునుకు పట్టదు.

ఆ బీడీ కట్ట ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు ఇంటి నుంచే. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ఒక భార్య దాచి తెస్తే పట్టుకున్నాం. వార్డు ఆయా ఆవిణ్ణి నానా మాటలూ అంది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ "ఇవ్వకపోతే ఇంటికి పోదాం పద అంటాడమ్మా. ఇక్కడ ఉంటే బతుకుతాడని తెచ్చాను" అంది. ఆవిడ చేసింది తప్పే. కానీ ఆ రాత్రి అతను మంచం మీద ఉండేలా చూడటానికి ఏదో ఒకటి చేసింది ఆవిడొక్కతే.

"గుండెపోటు వచ్చినవాడికి మళ్లీ నికోటినా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న డాక్టర్ల నుంచి కూడా విన్నాను. మనిషిని సిగరెట్‌కి కట్టిపడేసేది నికోటిన్. గుండెని, ఊపిరితిత్తుల్ని పాడుచేసేది చాలావరకు కాలిన పొగ, అంటే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేలాది రసాయనాలు. సిగరెట్ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరుతుంది. ప్యాచ్ నుంచి అదే నికోటిన్ గంటల తరబడి సన్నగా ఒంట్లోకి దిగుతుంది. ఆ జిల్లు ఉండదు, నోరు పీకడం మాత్రం తగ్గుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లలో ప్యాచ్‌లు వాడి చూసిన పరీక్షల్లో గుండెపోట్లు పెరగలేదు. అప్పుడే పెద్ద గుండెపోటు వచ్చి, గుండె లయ తప్పుతున్న మనిషికి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది డాక్టరు చూసి తేల్చాల్సిందే. కాకపోతే తూకం వేసేటప్పుడు ఒకవైపు ప్యాచ్, ఇంకోవైపు ఏమీ లేకపోవడం అనుకుంటే లెక్క తప్పుతుంది. ఇంకోవైపు ఉన్నది మెట్ల కింద బీడీ. గుండెజబ్బు ఉన్నవాళ్లు పొగ మానేస్తే చనిపోయే ముప్పు మూడో వంతుకు పైగా తగ్గుతుందని 2003లో క్రిచ్లీ, కేప్‌వెల్ అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి తేల్చారు. మనం తూచా తప్పకుండా ఇచ్చే గుండె మాత్రలకు ఇది ఏ మాత్రం తీసిపోదు.

అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. "రోజుకి ఎన్ని?" అనే ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు, పెళ్లాం పక్కనుంటే అసలే చెప్పరు. "పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి?" అని అడగండి. దీనికి అబద్ధం చెప్పాలని ఎవరికీ తోచదు. కళ్లు తెరిచిన ఐదు నిమిషాల్లో, పళ్లు తోముకోకముందే వెలిగించేవాడికి బానిసత్వం గట్టిగా ఉన్నట్టు. అరగంట లోపైనా తక్కువేమీ కాదు. రోజుకి పది సిగరెట్లు దాటితే మామూలుగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెడతారు. పైగా నోరు పీకినప్పుడల్లా గమ్. రెండూ కలిపి వాడితే ఒక్కదాని కన్నా బాగా పనిచేస్తుంది.

గమ్ దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాలి. చేతిలో పెట్టి వెళ్లిపోతే పేషెంటు దాన్ని బబుల్‌గమ్‌లా కసకసా నమిలేస్తాడు. ఘాటు నీరంతా గొంతులోకి దిగుతుంది. వెక్కిళ్లు, కడుపులో మంట, "ఇదేం పనిచెయ్యదు సిస్టర్" అని డస్ట్‌బిన్‌లో ఊసేస్తాడు. నెమ్మదిగా నమలాలి. నాలుక్కి చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ రెండు నములు, మళ్లీ బుగ్గలోకి. అలా అరగంట. ఖైనీ అలవాటున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మనకే నేర్పిస్తారు. టీ తాగిన వెంటనే వేసుకుంటే నోట్లోని పులుపుకి నికోటిన్ సరిగ్గా ఎక్కదు, పావుగంట ఆగాలి. వార్డులోకి టీ బకెట్ వచ్చే వేళే అందరికీ నోరు పీకుతుంది కాబట్టి ఈ ముక్క తప్పకుండా చెప్పాలి. పళ్లు లేని తాతలకి గమ్ ఇవ్వడం దండగ, వాళ్లకి ప్యాచే నయం.

ఇక ఆడవాళ్ల వార్డు. అక్కడ కేస్ షీట్‌లో 'స్మోకర్' అన్న మాట దాదాపు కనిపించదు. ఎందుకంటే ఎవరూ అడగరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో చుట్టని తిరగేసి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే మామ్మలు ఇంకా ఉన్నారు. అడ్డపొగ అంటాం. దానివల్ల అంగిట్లో వచ్చే పుండ్ల గురించి, క్యాన్సర్ల గురించి వైద్య పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్నాయి. అలాంటి మామ్మ ఆయాసంతో చేరితే 'కట్టెల పొయ్యి' అని రాసి ఊరుకుంటారు. నేను ఒకావిణ్ణి "మామ్మా, చుట్ట అలవాటుందా?" అని అడిగితే, "సుట్ట లేకపోతే పొద్దెలా గడుస్తాదమ్మా? మీరెవరూ అడగలేదని నానూ సెప్పలేదు" అంది. ఆవిడ చేరి అప్పటికే కొన్ని రోజులైంది. రాత్రుళ్లు మంచం మీద లేచి కూర్చుంటోందని, తనలో తను గొణుక్కుంటోందని, వయసు మీద పడి మతి తప్పుతోందేమోనని కోడలు బెంగపడుతోంది.

పొగ అలవాటు రాయకపోతే మందుల లెక్క కూడా తప్పుతుందని చాలామందికి తెలియదు. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ని రెచ్చగొడతాయి. ఆయాసానికి వాడే థియోఫిలిన్ లాంటి మందులను అది త్వరత్వరగా కరిగించేస్తుంది. పొగ తాగేవాడికి ఆ మందు ఎక్కువ డోసు కావాల్సి వస్తుంది. వార్డులో పొగ ఆగిన కొద్ది రోజులకే ఎంజైమ్ నెమ్మదిస్తుంది. డోసు అదే ఉంటే మందు రక్తంలో పేరుకుంటుంది. వాంతులు, గుండెదడ, నిద్రలేమి. ఆయాసం తగ్గిందనుకున్న మనిషికి ఇవేమిటని తల పట్టుకుంటాం. మానసిక వైద్యంలో వాడే క్లోజపిన్, ఒలాంజపిన్‌కీ ఇదే వర్తిస్తుంది. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. కాబట్టి ప్యాచ్ వేసినా ఆ మార్పు ఆగదు, డోసు చూసుకోవాల్సిందే. కాఫీ, టీలలోని కెఫీన్‌ని కరిగించేదీ ఆ ఎంజైమే. మానేసిన వారంలో మామూలుగా తాగే నాలుగు టీలే చేతులు వణికిస్తే, ఆ టెన్షన్‌ని కూడా సిగరెట్ లేకపోవడం కిందే జమ కట్టేస్తారు పాపం.

నేను చెబుతున్నదానికి ఒక మినహాయింపు ఉంది. సర్జికల్ వార్డులో బర్జర్స్ జబ్బుతో వచ్చే కుర్రాళ్లు. ముప్పై, నలభై ఏళ్లలోపు మగవాళ్లు, ఎక్కువగా బీడీలు తాగేవాళ్లు. కాలి వేలు నల్లబడి, నొప్పికి రాత్రంతా కాలు మంచం కిందికి వేలాడేసి కూర్చుంటారు. రక్తనాళాలు మూసుకుపోయే ఈ జబ్బుని నిలిపేది ఒక్కటే, పొగాకు పూర్తిగా మానడం. రోజుకి ఒకటి రెండు బీడీలైనా జబ్బు కదులుతూనే ఉంటుంది. వేలు, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది దాకా. వీళ్లలో నికోటిన్ కూడా జబ్బుని రగిలిస్తుందన్న అనుమానంతో ప్యాచ్, గమ్ మామూలుగా ఇవ్వరు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రల వైపు చూడాలి. వరెనిక్లిన్‌తో మనసు చెదురుతుందని ఒకప్పుడు భయపడ్డారు. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఈగిల్స్ ట్రయల్ 2016లో ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. ఫిట్స్ ఉన్నవాళ్లకి బుప్రోపియాన్ పనికిరాదు. కాలు తీసేసే ఆపరేషన్‌కి సంతకం పెట్టించుకునేటప్పుడు ఇంత వివరంగా మాట్లాడతాం. ఈ మాత్రల గురించి ఎప్పుడైనా అంత వివరంగా మాట్లాడామా?

డబ్బు సంగతి దాచిపెట్టి మాట్లాడలేను. బీడీ కట్ట చవక. గమ్ స్ట్రిప్ దానికన్నా ఖరీదు. రోజు కూలీకి 'బయట కొనుక్కో' అని చీటీ రాసిస్తే అతను ఆ చీటీని బీడీ కట్టకి చుట్టిన కాగితంలాగే చూస్తాడు. కేంద్ర ప్రభుత్వం 2022లో విడుదల చేసిన అత్యవసర మందుల జాతీయ జాబితాలో నికోటిన్ చికిత్సను చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తన జాబితాలో చేర్చింది. జాబితాలో ఉన్న మందు వార్డు అల్మరాలో ఉండాలి. పారాసిటమాల్ ఉన్న అరలోనే, డ్యూటీ నర్సు అర్ధరాత్రి తీసి ఇవ్వగలిగేలా. స్టెంటు బిల్లు పక్కన పెట్టి చూస్తే ఇది లెక్కలోకి వచ్చే ఖర్చే కాదు.

టైము లేదంటారు. వార్డులో పని ఎంత ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ లామా కాగితాలు రాయడానికి, పీకేసిన క్యాన్యులా మళ్లీ పెట్టడానికి, మెట్ల కింద పేషెంటుని వెతకడానికి పోయే టైము కూడా మాదే.

"నిజంగా మానాలనుకున్నవాడు తనే మానతాడు, వీళ్లకి చెప్పినా దండగ" అనే మాట మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. పెద్దవాళ్ల పొగాకు వాడకం మీద 2016-17లో జరిగిన గ్యాట్స్ సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగేవాళ్లలో సగానికి పైగా మానే ఆలోచనలో ఉన్నారు. అంతకుముందు ఏడాదిలో వైద్యుల దగ్గరికి వెళ్లినవాళ్లలో మానమన్న సలహా అందింది సగం మందికి కూడా కాదు. దండగ అని చెప్పకుండానే తేల్చేశామన్నమాట. అలా అనే హౌస్ సర్జన్లలో కొందరు గేటు ఎదుటి టీ బడ్డీ దగ్గర లూజు సిగరెట్ కొనుక్కుంటూ కనబడతారు. వాళ్లనీ తిట్టను, వాళ్లకీ అదే గమ్ పనిచేస్తుంది.

అసలు చిక్కు డిశ్చార్జ్ దగ్గర ఉంది. 2012లో నాన్సీ రిగోటీ అనే పరిశోధకురాలి బృందం, వైద్య పరిశోధనలను కలిపి తూచే కొక్రేన్ సంస్థ సమీక్షలో, ఆసుపత్రుల్లో పొగ మాన్పించడం మీద జరిగిన 50 పరీక్షలను కలిపి చూసింది. ఆసుపత్రి మంచం దగ్గర గట్టిగా మాట్లాడి, ఇంటికి వెళ్లాక కనీసం నెల రోజులు పలకరిస్తే మానేవాళ్లు పెరుగుతారు. వార్డులో ఎంత బాగా చెప్పినా గేటు దాటాక వదిలేస్తే ఫలితం కనిపించలేదు. మనం చేస్తున్నది ఆ రెండోదానిలో సగం. డిశ్చార్జ్ సమ్మరీ చివర 'కారం తగ్గించాలి, బరువులెత్తరాదు, పొగ మానాలి' అని ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు రాని మనిషి దాన్ని మడిచి కవరులో పెట్టుకుని బస్టాండుకి వెళ్తాడు. అక్కడ బస్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడు పక్కవాడు ఒకటి వెలిగిస్తాడు.

పొగాకు మానడానికి ఫోన్లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ ఒకటి ఉంది, 1800-11-2356. డబ్బులు పడవు. 2016 నుంచి పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీద, బీడీ కట్టల మీద ఆ నంబరు అచ్చువేస్తున్నారు. బీడీ కంపెనీ అచ్చువేయగలిగిన నంబరుని ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం మీద అచ్చువేయకపోవడానికి కారణం నాకు తోచదు. పొగాకు మాన్పించే కేంద్రాలు చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఉన్నాయి, కానీ ఓపీ బ్లాకులో, ఓపీ వేళల్లో. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఆ గదికి నడిచి వెళ్లలేడు కదా. కౌన్సెలరే మధ్యాహ్నం ఒక గంట వార్డుల్లోకి రావాలి.

కెనడాలో ఒటావా గుండె ఆసుపత్రి 2002 నుంచి ఒక పద్ధతి పాటిస్తోంది. చేరిన ప్రతి పేషెంటుని పొగ గురించి అడుగుతారు, వార్డులోనే మందు మొదలుపెడతారు. ఇంటికి వెళ్లాక కంప్యూటరే ఫోన్ చేస్తుంది. కష్టంగా ఉందన్నవాళ్లకి నర్సు తిరిగి ఫోన్ చేస్తుంది. ఇది మన దగ్గర కుదిరేది కాదు అనేవాళ్లకి నా జవాబు: కంప్యూటరే మాట్లాడే ఐవీఆర్ఎస్ కాల్స్ మనకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? పింఛను అందిందా, రేషన్ సరిగ్గా ఇచ్చారా, ఎమ్మెల్యే పనితీరు ఎలా ఉంది, అవునంటే ఒకటి నొక్కండి, కాదంటే రెండు నొక్కండి. "ఈ వారం బీడీ తాగలేదా? ఒకటి నొక్కండి. తాగారా? రెండు నొక్కండి" అనడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. రెండు నొక్కినవాళ్లకి ఎవరు ఫోన్ చేస్తారన్నదే తేల్చాలి. నా లెక్కలో అది వార్డు నర్సు పనే. ఆ మనిషి పేరు, అతను క్యాన్యులా పీకేసుకున్న రాత్రి, టిఫిన్ క్యారియర్ సంగతి తెలిసినది మాకే. దానికి డ్యూటీ చార్టులో వారానికి రెండు గంటలు, వార్డు పేరు మీద ఒక ఫోను ఇవ్వండి. మళ్లీ తాగానని చెప్పినవాడిని తిట్టకుండా, "మొదటిది ఎక్కడ వెలిగించావు బాబాయ్, ఎవరితో?" అని అడగడం మేం చేస్తాం.